ప్లాస్టిక్ సంచిలో వచ్చిన లోకం

1970ల చివర, అమెరికాలోని హ్యూస్టన్ దగ్గర రిచర్డ్ గారియట్ అనే బడి కుర్రాడు టెలిటైప్ యంత్రం మీద నేలమాళిగలు, రాక్షసుల ఆటలు రాసేవాడు. తెర లేదు, ప్రతి అడుగూ కాగితం మీద అచ్చయ్యేది. ఎంత ఓపిక!

తర్వాత ఆపిల్-2 కంప్యూటర్ మీద 'అకలబెత్' అనే ఆట తయారుచేసి, ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, తాను పనిచేసే కంప్యూటర్ల దుకాణంలోనే అమ్మాడు. 1981లో అతని 'అల్టిమా' ఆట వచ్చింది.

ఆ వరుసలో అసలు మలుపు 1985 నాటి 'అల్టిమా 4'. అందులో చంపాల్సిన మహాదుష్టుడంటూ లేడు. కరుణ, నిజాయితీ, వినయం వంటి ఎనిమిది సుగుణాలు అలవరచుకోవాలి. మూలికలమ్మే గుడ్డి మనిషికి తక్కువ సొమ్మిచ్చి మోసగిస్తే ఆట గుర్తుపెట్టుకుంటుంది. అప్పటికి అదెంత సాహసమైన ఊహో! సాధించినవాడికి దక్కే పేరు 'అవతార్': మన పురాణాల మాటే.