దోమపాట ఎవరి కోసం?

దోమ మన చెవి దగ్గర చేసే రొద మన కోసం చేసేది కాదు. అది రెక్కల చప్పుడు. దానికి అసలు శ్రోత మగదోమ. ఈ చిన్న సంగతి రుజువు కావడానికి సుమారు అర్ధశతాబ్దం పట్టింది.

1855లో బాల్టిమోర్ వైద్యుడు క్రిస్టఫర్ జాన్‌స్టన్ దోమ మీసాల మొదట్లో ఉబ్బెత్తుగా ఉన్న భాగాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అదే దాని చెవి అన్నాడు. నేటికీ ఆ అవయవానికి ఆయన పేరే ఉంది. 1874లో భౌతికశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మేయర్ ఒక మగదోమను గాజుపలకకు అతికించి, రకరకాల శ్రుతిదండాలను మ్రోగించాడు. సెకనుకు 512 కంపనాల దండం మ్రోగినప్పుడు మీసాల వెంట్రుకలు అన్నిటికంటే ఎక్కువగా కదిలాయి. ఆ స్థాయి ఆడదోమ రెక్కల నాదానికి దగ్గరది.

తరువాతి కథ మరీ విచిత్రం. తుపాకుల తయారీకి పేరుపొందిన హైరమ్ మాగ్జిమ్ 1878లో అమెరికాలోని సారటోగా స్ప్రింగ్స్‌లో ఒక హోటల్‌కు విద్యుద్దీపాలు అమర్చాడు. వాటిలో ఒక యంత్రం సన్నగా మ్రోగుతుంటే దోమలు గుంపులుగా వచ్చి దానిపై వాలాయి. పరిశీలిస్తే అన్నీ మగవే! ఆ అనుభవాన్ని ఆయన 1901లో లండన్ 'టైమ్స్' పత్రికకు రాశాడు. అప్పటికి నాలుగేళ్ల క్రితమే, 1897 ఆగస్టు 20న, మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోమ చప్పుడుకు అంతవరకూ లేని గాంభీర్యం వచ్చింది.

మరి మనిషి దగ్గరకు ఎందుకు వస్తుంది? కుట్టేది ఆడదోమ ఒక్కటే. గుడ్ల ఎదుగుదలకు దానికి రక్తం కావాలి. అది నాదాన్ని వెతుక్కుంటూ రాదు. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, చర్మపు వాసన, ఒంటి వేడి దానికి దారి చూపుతాయి. ఊపిరి వెలువడేది ముఖం నుండి గనుక నిద్రలో అది చెవి చుట్టూ తిరగడంలో వింత లేదు.

ఈ తేడా తెలియకనే కాబోలు, శబ్దంతో దోమలను తరిమేస్తామనే పరికరాలను జనం నేటికీ కొంటున్నారు. మగదోమ నాదం వింటే ఆడదోమ పారిపోతుందని అమ్మేవారి వాదన. 2007లో కాక్రేన్ సమీక్ష ఇటువంటి పరికరాలపై ఆరుబయట జరిపిన 10 పరీక్షలను పరిశీలించగా, ఒక్కదానిలోనూ దోమకాట్లు తగ్గలేదు. చంటిపిల్లలున్న ఇంట్లో అటువంటి పెట్టెను నమ్మి దోమతెర తీసివేయడం ప్రమాదకరం.