సొంత లారీ ఉన్నవారు చూసుకోవలసిన కాగితాలు

పెరంబూరు, వ్యాసర్‌పాడి, మాధవరం వైపు లారీ ఉన్న మన ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "మా సరుకే మేము తోలుకుంటున్నాం, బాడుగకు తిప్పడం లేదు, పర్మిట్ ఎందుకు?" ఇది పొరపాటు. 1988 మోటారు వాహనాల చట్టం సరుకు ఎవరిదని చూడదు. బండి, సరుకు కలిపి 3,000 కిలోలు మించని చిన్న బండ్లకే పర్మిట్ మినహాయింపు. 12,000 కిలోలు దాటితే భారీ వాహనం. పసుపు నంబరు ప్లేటు, పర్మిట్, ఎఫ్‌సీ అన్నీ ఉండాల్సిందే.

పర్మిట్ గడువు 5 ఏళ్లు. రాష్ట్రాలు దాటి తిరగాలంటే నేషనల్ పర్మిట్ తీసుకుని, దాని ఆథరైజేషన్‌ను ఏటా కట్టుకోవాలి. ఎఫ్‌సీ 8 ఏళ్ల లోపు బండికి 2 ఏళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఎఫ్‌సీ లేని లారీకి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషనే చెల్లదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది ఇదే.

డ్రైవరుకు 20 ఏళ్లు నిండాలి, అంతకుముందు కనీసం ఏడాది కారు లైసెన్సు ఉండాలి. కారు లైసెన్సుతోనే సరుకు బండి నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది నిజమే, కానీ అది 7,500 కిలోల లోపు బండ్లకు మాత్రమే.

మన ఇళ్లలో ఎక్కువగా వెనకబడేది పేరు మార్పిడి. నాన్నగారి పేరున ఉన్న లారీని ఆయన పోయాక కొడుకు ఏళ్ల తరబడి అలాగే తిప్పుతుంటాడు. యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీవోకు రాతపూర్వకంగా తెలియజేస్తేనే 3 నెలల పాటు బండి నడుపుకునే వీలుంటుంది. ఆ 3 నెలల్లోనే ఫారం 31తో ఆర్సీ మార్పిడికి దరఖాస్తు పెట్టాలి. పర్మిట్‌కూ ఇదే గడువు, కానీ దాని దరఖాస్తు వేరు. ఆర్సీ మారితే పర్మిట్ దానంతటదే మారదు. వారసుల సర్టిఫికెట్ చేతికి రావడానికి రోజులు పడుతుంది కనుక, కర్మకాండలు అయిన వెంటనే తాలూకా ఆఫీసుకు వెళ్లడం మంచిది. ఫైనాన్సు బాకీ ఉంటే వారి సమ్మతి కూడా కావాలి. బాకీ తీరినా ఫారం 35 ఇచ్చేదాకా ఆర్సీలో వారి పేరు పోదు.

నెల్లూరులోనో చిత్తూరులోనో కొన్న ఏపీ నంబరు బండి 12 నెలలు దాటి చెన్నైలో ఉంటే, తమిళనాడు నంబరు వేయించుకోవాలి. ముందుగా అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తేవాలి. సరుకు బండికి దొంగతనం కేసు లేదన్న పోలీసు రిపోర్టు కూడా అడుగుతారు. ఆపై ఇక్కడి పన్ను, ఇక్కడి పర్మిట్.

ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. అదనపు సరుకు దింపనిదే బండిని కదలనివ్వరు.