గంజీఫా ముక్కలో దోషం, పునర్నిర్మాణం: ఒక చారిత్రక పరిశీలన

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో గోదావరి ఉత్తర తీరాన పడమటి వైపు నిర్మల్, తూర్పు వైపు చెన్నూరు ఉన్నాయి. నిర్మల్ అనగానే పొణికి కర్ర బొమ్మలు, వర్ణచిత్రాలు స్ఫురిస్తాయి. అక్కడి నకాషీ కళాకారులు గంజీఫా పేక ముక్కలను కూడా చిత్రించారన్న విషయానికి అంత ప్రచారం లేదు. తయారీలో దొర్లిన తప్పు ఆటనూ, ఆట వెనుక ఉన్న చరిత్రనూ ఎలా ప్రభావితం చేస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

గంజీఫా ముక్కలు సాధారణంగా గుండ్రంగా ఉంటాయి. మొఘలు పద్ధతి కట్టలో 8 వర్గాలు, వర్గానికి 12 చొప్పున 96 ముక్కలు. దశావతార కట్టలో 10 వర్గాలు, 120 ముక్కలు. ప్రతి వర్గంలో రాజు, మంత్రి, ఒకటి నుండి పది వరకు అంకెల ముక్కలు ఉంటాయి. సగం వర్గాలలో మంత్రి తర్వాత పది పెద్దది. మిగిలిన సగంలో ఒకటి పెద్దది. 96 ముక్కల ఆటను ముగ్గురు ఆడితే ఒక్కొక్కరికి 32 వస్తాయి. పడిపోయిన ముక్కలను జ్ఞాపకం ఉంచుకొని, మిగిలినవాటిలో పెద్దది ఏదో గుర్తించడమే ఇందులోని నేర్పు.

అందువల్ల చిత్రకారుడు ఎనిమిది గుర్తులు వేయవలసిన చోట తొమ్మిది వేస్తే అది కేవలం చిత్రదోషం కాదు. ఆ వర్గంలో రెండు తొమ్మిదులు ఏర్పడి, ఎనిమిది లేకుండా పోతుంది. ఆటగాళ్ల లెక్క మొత్తం తారుమారవుతుంది. పోయిన ముక్కకు బదులు కొత్తది వేయించినా చిక్కు తీరదు. వెనుక వైపు రంగు ఏమాత్రం తేడాగా ఉన్నా ఎదుటివారు దానిని ఆనవాలు పడతారు.

ముద్రణ యుగంలో దోషానికి స్వభావం మారింది. చేతితో వేసిన తప్పు ఒక కట్టకే పరిమితం. అచ్చు తప్పు ప్రతి ప్రతిలోనూ ఉంటుంది. బల్లపై ఆడే చారిత్రక యుద్ధక్రీడలలో పటం, అట్టబిళ్లలు, నియమావళి మూడూ పొందిక తప్పకూడదు. బిళ్లపై సైన్యబలం ఒక్క అంకె మారితే యుద్ధఫలితమే మారుతుంది. అందుకే తప్పొప్పుల పట్టికలు, బదులు బిళ్లలు, పునర్ముద్రణలు ఆ రంగంలో ఆనవాయితీ అయ్యాయి. పునర్ముద్రణ ఒక్కోసారి ఆట రూపాన్నే మారుస్తుంది. అమెరికాలో అవలాన్ హిల్ సంస్థ 1958లో చదరపు గళ్లతో ప్రచురించిన 'గెటిస్‌బర్గ్' 1961లో షడ్భుజ గళ్లతో వచ్చింది. 1964లో మళ్లీ చదరపు గళ్లకు మరలింది.

గంజీఫాలోనూ ఇలాంటి పాఠభేదం కనిపిస్తుంది. అక్బరు ఆడిన 12 వర్గాల ఆటను అబుల్ ఫజల్ 'అయినీ అక్బరీ'లో వర్ణించాడు. అందులో అశ్వపతి ఢిల్లీ రాజులను, గజపతి ఒడిశా పాలకులను, నరపతి బిజాపురం ప్రభువులను తలపిస్తారు. తెలుగు సంప్రదాయంలో నరపతి బిరుదు విజయనగర రాయలది. పేరు నిలిచింది, ఆ పేరుకు సూచితుడు మారాడు. దీనిని లేఖకుని పొరపాటుగా తోసిపుచ్చడం సులభం. అయితే 1565 నాటి యుద్ధం తర్వాత దక్కనులో మారిన బలాబలాలను ఢిల్లీ వైపు నుండి చూసిన దృష్టిగానూ దీనిని అర్థం చేసుకోవచ్చు. ఏది దోషం, ఏది సవరణ అన్నది చూసేవారి స్థానాన్ని బట్టి కూడా ఉంటుంది.

ఈ దృష్ట్యా పాత గంజీఫా కట్టల పరిశీలనలో ఒక జాగ్రత్త అవసరం. మిగిలినవాటితో రంగు, రేఖ కలవని ముక్కను లోపంగా పక్కన పెట్టకూడదు. అది తర్వాతి కాలంలో వేయించిన బదులు ముక్క కావచ్చు. అదే అయితే ఆ కట్టను భద్రపరచడమే కాక ఆడారనడానికి, ఒక ముక్క పోయినా ఆటను విడువలేదనడానికి సాక్ష్యం అవుతుంది. కట్టల వివరపట్టికలలో ముక్కల సంఖ్యతో పాటు ఇలాంటి భేదాలను కూడా విడివిడిగా నమోదు చేయాలి. తాళపత్ర పాఠభేదాలకు పరిష్కర్తలు ఇచ్చే విలువ ఈ చిత్రిత ముక్కలకూ దక్కితే, నిర్మల్ నకాషీల చరిత్రలో ఆటగాళ్లకు కూడా చోటు దొరుకుతుంది.