ఇంగ్లండ్ పల్లెల్లో రోడ్ ట్రిప్: కారు దిగి నడిచే హక్కు ఎలా వచ్చింది?

ఈ రోజు ఎపిసోడ్ ఒక ట్రిప్ ప్లాన్‌తో మొదలవుతుంది. మా బావ లెస్టర్‌లో ఉంటాడు. "ఏరా, ఎప్పుడూ లండన్, లండన్ అంటారు. ఈసారి నువ్వొస్తే కారులో పల్లెల మీదుగా అడ్డంగా తిరిగొద్దాం" అన్నాడు. సరే అని ఫోన్‌లో మ్యాప్ తెరిచి కూర్చున్నా. మాటల్లో ఇంకో సంగతి కూడా చెప్పాడు. పోయినేడు ఒక పొలం మధ్య కాలిబాటలో నడుస్తుంటే ఎవరో కేకేశారంట. తప్పు చేశానేమో అని భయపడి వెనక్కి వచ్చేశాడు. తర్వాత చూస్తే అది అందరూ నడిచే దారే! "బావా, మరి ఎందుకు తిరిగొచ్చావ్?" అంటే, "మన ఊరు కాదు కదరా" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అసలు అక్కడ ఎవరు ఎక్కడ నడవొచ్చు, ఎవరు చెప్పారు అని చదవడం మొదలుపెట్టా. చదివే కొద్దీ మా రూటే మారిపోయింది. ఆ రూటే ఇప్పుడు మీకు చెప్తా.

మొదటి రోజు బాత్ నగరం నుంచి బయల్దేరతాం. అక్కడి నుంచి ఈశాన్యంగా ఫాస్ వే అనే రోడ్డు పోతుంది. రోమన్లు క్రీ.శ. 43లో బ్రిటన్ మీదకి వచ్చాక వేసిన దారి ఇది. ఎక్సెటర్ నుంచి లింకన్ దాకా దాదాపు 370 కిలోమీటర్లు. స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. లాటిన్‌లో ఫోసా అంటే కందకం, పేరు అందులోంచి వచ్చింది. ఈ రోజు ఏ429 అనే రోడ్డు చాలా దూరం ఆ పాత దారి మీదే నడుస్తుంది. అంటే రోమన్ సైనికులు నడిచిన గీత మీదే మన అద్దె కారు పోతుందన్నమాట.

ఈ రోడ్డు మీదే కాట్స్‌వోల్డ్స్ కొండలు వస్తాయి. తేనెరంగు రాతి ఇళ్లు, గొర్రెలు, పచ్చిక. రీల్స్‌లో మీరు చూసే ఇంగ్లండ్ ఇదే. నార్త్‌లీచ్ అనే చిన్న ఊళ్లో ఊరికి మించిన పెద్ద చర్చి ఉంది. మధ్యయుగంలో ఉన్ని వ్యాపారుల డబ్బుతో కట్టింది. ఇంకొంచెం ముందుకెళ్తే మోర్టన్-ఇన్-మార్ష్ దగ్గర సెజిన్‌కోట్ అనే బంగళా. ఇంగ్లిష్ పల్లె మధ్యలో మొఘల్ పద్ధతి గుమ్మటం! ఈస్ట్ ఇండియా కంపెనీలో సంపాదించి వచ్చిన చార్లెస్ కాకెరెల్ కోసం, అతని అన్న శామ్యూల్ పెపీస్ కాకెరెల్ 1805 ప్రాంతంలో దీన్ని డిజైన్ చేశాడు. ఆ అందంలో మన దేశం డబ్బు కూడా కొంత ఉంది. అది ఏడాదంతా తెరిచి ఉండదు, రోజులు ముందే చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కారు అద్దంలోంచి చూస్తే పొలాలన్నీ గళ్ల దుప్పటిలా కనిపిస్తాయి. ఒక్కో గడి చుట్టూ ముళ్లకంచె, లేదంటే సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. అది ప్రకృతి గీసిన బొమ్మ అనుకుంటాం. అందులో చాలా భాగం పార్లమెంటు గీసింది ఫ్రెండ్స్.

పాత రోజుల్లో ఇంగ్లండ్ మధ్యప్రాంతపు ఊళ్లల్లో ఎక్కువ చోట్ల పెద్ద పెద్ద ఉమ్మడి పొలాలు ఉండేవి. మధ్యలో కంచెలు లేవు. ఒక్కో రైతుకి అక్కడో చీలిక, ఇక్కడో చీలిక. పక్కనే ఉమ్మడి బయలు. మన ఊళ్లో మేత పోరంబోకు ఎలాగో అలాగన్నమాట. పేదవాడు ఆవుని మేపుకునేది అక్కడే, కట్టెలు ఏరుకునేది అక్కడే. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు 5,200కి పైగా చట్టాలు చేసి ఈ భూముల్ని విడగొట్టి కంచెలు వేయించింది. మొత్తం 68 లక్షల ఎకరాలు. ఇంగ్లండ్‌లో ఐదో వంతు కన్నా కొంచెం ఎక్కువ. పంట దిగుబడి పెరిగిందన్నది నిజమే. కానీ కాగితం లేని పేదవాడికి ఆవుని మేపుకునే చోటు పోయింది. కొందరు కూలీలయ్యారు, కొందరు మిల్లుల ఊళ్లకి పోయారు.

అందుకే రెండో రాత్రి లెస్టర్‌లో బావ ఇంట్లో పడుకుని, మూడో రోజు ఇంకా పైకి, నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్ అనే ఊరికి వెళ్తాం. ఫాస్ వే మీద ఉన్న న్యూఆర్క్‌కి దగ్గరే. అక్కడ ఈ రోజుకీ పాత పద్ధతిలో మూడు పెద్ద ఉమ్మడి పొలాలు సాగవుతున్నాయి. ఏటా ఊరి జ్యూరీ పొలాలు తిరిగి చూస్తుంది. ఎవరైనా హద్దు దాటి ఉమ్మడి గడ్డి నేలలోకి దున్నితే జరిమానా. గట్టు జరిపే వాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు!

నాలుగో రోజు పడమరకి తిరిగి పీక్ డిస్ట్రిక్ట్. కాసిల్టన్ దగ్గర విన్నాట్స్ పాస్ అనే ఇరుకు లోయలో రోడ్డు ఎక్కుతుంటే ఫోన్ తీయకుండా ఉండలేరు. (డ్రైవ్ చేసేవాళ్లు మాత్రం తీయొద్దు.) మా ట్రిప్ చివర 636 మీటర్ల కిండర్ స్కౌట్ కొండ.

ఒకపక్క మాంచెస్టర్, ఇంకోపక్క షెఫీల్డ్. ఆ పొగ ఊళ్ల కుర్రాళ్లకి ఆదివారం ఒక్కటే సెలవు. కొండ కళ్లముందే కనిపిస్తుంది, కానీ పైకి వెళ్లనివ్వరు. ఎందుకంటే అది దొరలు గ్రౌస్ పక్షుల్ని వేటాడుకునే నేల. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందల మంది హేఫీల్డ్ ఊరి నుంచి కావాలనే కొండ ఎక్కారు. ముందు నిలబడింది బెన్నీ రాత్‌మన్, మాంచెస్టర్ కుర్రాడు. వయసు 20! మీలో చాలామంది వయసే. పైన కాపలావాళ్లతో తోపులాట జరిగింది, కిందకి దిగాక పోలీసులు పట్టుకున్నారు. ఇక్కడ ఒక సంగతి చూడండి. ఒకరి నేల మీద నడవడం అప్పుడు నేరం కాదు, సివిల్ గొడవ మాత్రమే. అందుకని అల్లర్ల కేసులు పెట్టారు. ఐదుగురికి 2 నుంచి 6 నెలల జైలు. బెన్నీకి 4 నెలలు.

ఆ ఒక్క రోజుతో చట్టం మారలేదు. నడిచే హక్కు కోసం 1884లోనే జేమ్స్ బ్రైస్ పార్లమెంటులో బిల్లు పెట్టి ఓడిపోయాడు. కానీ జైలు వార్త విన్నాక కోపం అందరికీ పాకింది. 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. 1951లో మొదటి నేషనల్ పార్క్ ఏదో తెలుసా? పీక్ డిస్ట్రిక్టే. 2000లో ఇంకో చట్టం వచ్చి కొండలు, బీడు నేలల మీద స్వేచ్ఛగా నడిచే హక్కు ఇచ్చింది. 2002లో, 70 ఏళ్ల సభలో, అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ తన తాత చేసిన దానికి క్షమాపణ చెప్పాడు. అయినా ఈ స్వేచ్ఛ వర్తించేది ఇంగ్లండ్ నేలలో 8 శాతానికే. మిగతా చోట కాలిబాట గీత దాటకూడదు.

ప్లాన్ చేసుకునేవాళ్లకి నాలుగు మాటలు. మన లైసెన్స్‌తో అక్కడ 12 నెలల దాకా నడపొచ్చు, రోడ్డుకి ఎడమవైపే. కారు అద్దెకిచ్చేవాళ్ల వయసు రూల్స్ మాత్రం ముందే అడగండి. పల్లె దారులు ఇరుకు, ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. రోజుకి కిలోమీటర్లు తక్కువ పెట్టుకోండి. ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపుల్లో ఆకుపచ్చ చిన్న చిన్న గీతల వరుస కాలిబాట, లేత పసుపు రంగు వేసింది స్వేచ్ఛగా నడిచే నేల. నడవొచ్చు కదా అని టెంట్ వేయకండి, దానికి అనుమతి కావాలి.

ఇదంతా బావకి ఫోన్‌లో చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ముందు నేను తిరిగొచ్చిన ఆ బాట మీదకే పోదాం రా" అన్నాడు. మా రూట్‌లో ఇప్పుడు ఐదో రోజు కూడా చేరింది.

మీ ఊళ్లో ఒకప్పుడు అందరిదీ అయిన బయలు ఇప్పుడు ఎలా ఉందో కామెంట్స్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.