అద్దెదారుల హక్కులు: ఉప్పల్, నాచారం

హైదరాబాదు తూర్పుభాగమున నాచారం పారిశ్రామికవాడ కర్మాగారములయందును, మెట్రో రైలుమార్గమున చేరదగిన నగర కార్యాలయములయందును పనిచేయుచు ఉప్పల్, నాచారం ప్రాంతముల కిరాయియిండ్లలో నివసించువారికిని, వారి గృహయజమానులకును గల సంబంధమును ప్రధానముగా 1960 నాటి భవనముల అద్దె నియంత్రణ చట్టమును, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమును నిర్ణయించుచున్నవి.

మొదటి చట్టము వర్తించుచోట అద్దెకు రసీదు పొందుటయు, యజమాని అద్దె పుచ్చుకొన నిరాకరించినచో దానిని విధ్యుక్తముగా జమచేయుటయు, న్యాయమైన అద్దె నిర్ణయింపుమని రెంట్ కంట్రోలరును కోరుటయు కిరాయిదారు హక్కులు. నీరు, కరెంటు వంటి సౌకర్యములను యజమాని తగిన కారణము లేక నిలిపివేయరాదు. బుద్ధిపూర్వకముగా అద్దె ఎగవేయుట, వ్రాతపూర్వకానుమతి లేక ఇతరులకు అద్దెకిచ్చుట, యజమానికి నిజమైన స్వంత అవసరము కలుగుట వంటి హేతువు విచారణలో రుజువైననే ఖాళీచేయింపు ఉత్తర్వు వెలువడును.

అయితే 2005 సవరణ ననుసరించి, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెగల భవనములకును, కట్టి 15 సంవత్సరములు నిండనివానికిని ఈ రక్షణ లేదు. అట్టి యిండ్లకు రెండవ చట్టము వర్తించును. వేరు ఒడంబడిక లేనిచో నెలసరి కిరాయిని ముగించుటకు 15 దినముల నోటీసు ఆవశ్యకము. గడువు ముగిసినను సామాను వీధిలో వేయు అధికారము యజమానికి లేదు. అతడు న్యాయస్థానమునే ఆశ్రయింపవలెను.

ఏడాది మించిన అద్దె పత్రమునకు రిజిస్ట్రేషను తప్పనిసరియగుటచే స్టాంపు కాగితముపై 11 నెలల పత్రము వ్రాసుకొనుట వాడుక. దానిలో అడ్వాన్సు మొత్తము, వాపసు షరతు, నోటీసు గడువు స్పష్టముగా వ్రాయించుకొని, ఫోన్‌పే చెల్లింపులతో సహా ప్రతి నెల రుజువును కిరాయిదారు భద్రపరచుకొనవలెను.