మెల్లగా పరిగెత్తే విద్య ఎప్పుడు పుట్టింది?

కొత్తగా పరుగు మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మొదటి రోజే రెండు మూడు వందల మీటర్లకు రొప్పుతూ నిలబడిపోతారు. తప్పు తమ వయసుదో, బరువుదో, ఏళ్ల తరబడి చేసిన కుర్చీ ఉద్యోగానిదో అనుకుంటారు. అనుభవమున్న వాళ్లెవరైనా చూసి, పక్కమనిషితో మాట్లాడగలిగేంత మెల్లగా పరిగెత్తమంటారు. ఆ మాట పాటిస్తే కొన్ని వారాల్లోనే వాళ్లు ఆగకుండా కిలోమీటర్ల దూరం వెళ్లగలుగుతారు. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదా అన్నది వాళ్ల ఆశ్చర్యం. ఎందుకంటే, మామూలు మనుషులు ఆరోగ్యం కోసం మెల్లగా పరిగెత్తడమనే ఆచారం ఒక ఉద్యమంగా రూపుదిద్దుకుని ఇంకా డెబ్భై ఏళ్లు కాలేదు. అంతకుముందు పరుగంటే బడిలో పందెం, సైన్యంలో కవాతు లేదా శిక్ష. ఆ రెండిట్లోనూ నెమ్మది అంటే ఓటమే.

ఈ ఆచారానికి పుట్టిల్లు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్. చెప్పుల కర్మాగారంలో పనిచేసే ఆర్థర్ లిడియార్డ్ రగ్బీ ఆడేవాడు, తనకు దమ్ము బాగానే ఉందనుకునేవాడు. ఒక పెద్దాయన వెంట ఐదు మైళ్లు పరిగెత్తేసరికి ప్రాణం లేచిపోయింది. ఎంత దూరం, ఎంత వేగం మనిషికి మేలు చేస్తాయో ఏళ్ల తరబడి తన శరీరం మీదే పరీక్షించుకున్నాడు. వేగం తగ్గించి దూరం పెంచితే సత్తువ పెరుగుతుందని తేల్చుకున్నాడు. ఆయన శిష్యుల్లో 800 మీటర్లు పరిగెత్తే పీటర్ స్నెల్ కూడా వారానికి 160 కిలోమీటర్ల దాకా పరిగెత్తేవాడు. 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలోనూ, మరో శిష్యుడు మర్రీ హాల్బర్గ్ 5000 మీటర్లలోనూ స్వర్ణాలు గెలిచారు. చరిత్రను మలుపు తిప్పింది మాత్రం ఆ పతకాల కంటే ఎక్కువగా 1962లో ఏర్పడిన ఆక్లాండ్ జాగర్స్ క్లబ్. పొట్టలు పెరిగిన వ్యాపారులు, గుండెపోటు నుంచి కోలుకున్నవాళ్లు అందులో చేరారు. గుండెపోటు వచ్చినవాణ్ణి వారాల తరబడి మంచం దిగనివ్వని వైద్యం అప్పటికింకా పూర్తిగా పోలేదు. లండన్ బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చునే డ్రైవర్ల కంటే గుండెజబ్బు తక్కువని జెరీ మోరిస్ 1953లోనే చూపినా, ఆ జ్ఞానం జనం కాళ్లలోకి ఇంకా దిగలేదు.

1962 చివర్లో అమెరికా కోచ్ బిల్ బవర్మన్ ఆక్లాండ్ వచ్చి ఆ గుంపుతో పరుగుకు వెళ్లాడు. అప్పుడాయనకు 51 ఏళ్లు. రొప్పుతూ వెనకబడిపోయిన ఆయనకు తోడుగా, డెబ్భై దాటిన, గుండెజబ్బు చవిచూసిన ఒక ముసలాయన తన వేగం తగ్గించుకుని పరిగెత్తాడు. ఒలింపిక్ స్థాయి శిక్షకుడికి సైతం తెలియని విద్య ఇది. ఊరికి తిరిగి వచ్చాక, 1963లో ఓరెగన్‌లోని యూజీన్‌లో ఆయన జనాన్ని పిలిస్తే ఊహించనంతమంది వచ్చారు. హృద్రోగ నిపుణుడు డబ్ల్యూ.ఇ. హ్యారిస్‌తో కలిసి పద్ధతి సరిచేసి, 1967లో ‘జాగింగ్’ అనే పుస్తకం ప్రచురించారు. మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే అన్న సూత్రాన్ని జనంలోకి తెచ్చిన పుస్తకాల్లో అది ముఖ్యమైనది. మరుసటి ఏడు కెన్నెత్ కూపర్ ‘ఏరోబిక్స్’ వెలువడింది. ఈ సూత్రం వెనక శరీర ధర్మం ఉంది. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో పుంజుకుంటాయి, స్నాయువులకూ ఎముకలకూ నెలలు పడుతుంది. ఆ వ్యత్యాసాన్ని లెక్కచేయని ఉత్సాహమే కొత్తవాళ్ల పిక్కల ముందు ఎముక నొప్పికి తరచుగా కారణం.

మనిషి పరిగెత్తడం కొత్తేమిటని ఎవరైనా అడగవచ్చు. ఓర్పుతో దూరం పరిగెత్తడం మనిషి పరిణామంలో భాగమేనని బ్రాంబుల్, లీబర్‌మన్ 2004లో ‘నేచర్’ పత్రికలో వాదించారు. మన దేశంలోనూ తపాలా సంచి భుజాన వేసుకుని మజిలీ మజిలీకీ మనిషి మారుతూ పరిగెత్తిన హర్కారాలున్నారు. దూరం సాగాలంటే దమ్ము దాచుకోవాలని వాళ్లకు తెలియకపోదు. కానీ అది వేటకో కూలికో కట్టుబడిన పరుగు. జీతం రాని, పందెం లేని, నడివయసు మనిషి చేసే పరుగులోకి ఆ తెలివిని తేవడమే 1962 నాటి కొత్తదనం. ఇదంతా బూట్ల కంపెనీల మాయ అనేవాళ్లూ ఉన్నారు. బవర్మన్ తర్వాత నైకీగా మారిన సంస్థకు సహ వ్యవస్థాపకుడే. అయితే ఆ సంస్థ మొదలైంది 1964లో, ఆయన వాఫిల్ పెనం మీద సోలు పోసి చూసింది 1970ల్లో. యూజీన్ జనం అంతకుముందే మైదానానికి చేరారు. వ్యాపారం ఉద్యమాన్ని పెంచింది, పుట్టించలేదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం జిమ్ ఫిక్స్. 1977లో పరుగు మీద లక్షల ప్రతులు అమ్ముడైన పుస్తకం రాసిన ఆయన 1984లో, 52 ఏళ్ల వయసులో, పరిగెత్తుతూనే గుండెపోటుతో పోయాడు. వ్యాయామం వ్యర్థమనడానికి ఆ చావును సాక్ష్యంగా చూపారు. కానీ ఆయన తండ్రికి 35 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, 43 ఏళ్లకు చనిపోయాడు. ఫిక్స్ కూడా 35వ ఏట పరుగు మొదలుపెట్టేనాటికి భారీకాయుడు, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు. పరుగు రక్షాకవచమని చెప్పుకోవడం అతిశయోక్తి అని ఆ మరణం రుజువు చేసింది, ఛాతీ నొప్పిని దాటవేయకూడదని హెచ్చరించింది. మెల్లని పరుగు నిష్ఫలమని మాత్రం రుజువు చేయలేదు. నిజానికి గుండెజబ్బు వచ్చినవాళ్లు కూడా వైద్యుల సలహాతో ఓపిగ్గా మొదలుపెట్టవచ్చన్న ఆక్లాండ్ పాఠాన్ని తర్వాతి వైద్యం కూడా అంగీకరించింది. ఇక మిగిలింది బడి. పీటీ పీరియడులో పరుగును ఇప్పటికీ పందెంగానే నేర్పుతున్నంతకాలం, ప్రతి తరం నలభై ఏళ్లకు వచ్చాక లిడియార్డ్ కనుక్కున్నదాన్ని మళ్లీ రొప్పుతూ కనుక్కోవలసిందే.