వెల్లుల్లి : హలాలూ, అదబూ

కామారెడ్డి జిల్లా తాడ్వాయి ప్రాంతంలో వెల్లుల్లిని ఎల్లిగడ్డ అంటారు. మన ఇండ్లలో ఉర్దూ మాట్లాడేవారికి అదే లహ్సన్. జొన్నరొట్టెలోకి ఎల్లిగడ్డ కారం, బగారా అన్నంలోకి అల్లమెల్లిగడ్డ ముద్ద, ఖట్టీ దాల్‌కు ఎల్లిగడ్డ బఘార్, ఇవి లేనిదే మన వంటిల్లు సాగదు. అయినా దీనిని ఇంటిలోనికే రానివ్వని కుటుంబాలు కూడా మన సీమలో గలవు. ఒక గడ్డను గూర్చి ఇంత భేదం ఎందుకు కలిగింది? ఈ విషయంలో ఇస్లాం చూపిన మార్గం ఏమిటి?

వెల్లుల్లి చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది. 1922లో బయల్పడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో వెల్లుల్లి గడ్డలు దొరికాయి. ఆ ఈజిప్టు నుండి విముక్తి పొందిన బనీ ఇస్రాయీల్ ఎడారిలో మన్న, సల్వాలతో తృప్తి చెందక, ఆకుకూరలు, దోసకాయలు, 'ఫూమ్', పప్పు, ఉల్లి కావాలని హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను అడిగిన సంగతి దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 61వ ఆయతులో గలదు. 'ఫూమ్' అనగా గోధుమ అని కొందరు వ్యాఖ్యాతలు, వెల్లుల్లి అని కొందరు చెప్పారు. ఏ అర్థం తీసుకున్నా అక్కడ మందలింపు ఆహారానికి కాదు. మేలైన దానిని వదలి తక్కువ దానిని కోరిన కృతఘ్నతకు.

జానపద గాథలు మాత్రం గడ్డనే దోషిని చేశాయి. 1890లో మధ్య ఆసియాలోని కూచాలో దొరికిన బోవర్ వ్రాతప్రతిలోని సంస్కృత వైద్యగ్రంథం, విష్ణువు ఖండించిన అసురుని రక్తం నుండి వెల్లుల్లి పుట్టిందని, అందుచేత బ్రాహ్మణులు తినరని చెబుతూనే, దాని ఔషధ గుణాలను విస్తారంగా వర్ణించింది. ముస్లిములలోనూ ఇటువంటి కథ ఒకటి వ్యాపించింది. షైతాన్ స్వర్గం నుండి బయటికి అడుగుపెట్టినప్పుడు కుడిపాదం మోపిన చోట ఉల్లి, ఎడమపాదం మోపిన చోట వెల్లుల్లి మొలిచాయట! దీనికి ఖుర్ఆన్‌లో గాని, ప్రామాణిక హదీసులలో గాని ఆధారం లేదు.

హదీసులు చెప్పేది వేరు. హిజ్రీ 7వ సంవత్సరం (క్రీ.శ. 628) ఖైబర్ విజయానంతరం ఆకలిగొన్న సహాబీలు వెల్లుల్లి కడుపునిండా తిని మస్జిదుకు వచ్చారు. వాసన గ్రహించిన మహాప్రవక్త (స), దానిని తిన్నవారు మస్జిదును సమీపించరాదన్నారు. వెంటనే అది హరామైపోయిందని జనం చెప్పుకోసాగారు. ఈ మాట విని ఆయన (స), అల్లాహ్ హలాల్ చేసినదానిని హరామ్ చేసే అధికారం తనకు లేదని, దాని వాసన మాత్రమే తనకు నచ్చదని స్పష్టం చేశారు. మదీనాలో తమకు ఆతిథ్యమిచ్చిన హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) అడిగినప్పుడు కూడా ఇదే సమాధానం.

ఈ ఉదంతం మనం జాగ్రత్తగా ఆలోచించదగినది. ప్రవక్త (స) అంతటివారే తమ అయిష్టాన్ని నిషేధంగా మార్చలేదు. తమకు నచ్చని తిండిని, వేషాన్ని, ఆచారాన్ని చూసి తొందరపడి "హరామ్" అనేవారికి ఇంతకంటె గుణపాఠం ఏముంటుంది? అయితే హలాల్ అన్నంత మాత్రాన తోటివానిని బాధించే హక్కు కూడా రాదు. మనుషులకు బాధ కలిగించేది దైవదూతలకూ బాధ కలిగిస్తుందని హదీసులో వచ్చింది.

మరి తినదలచినవారు ఏమి చేయాలి? హజ్రత్ ఉమర్ (రజి) ఒక జుమా ఖుత్బాలో దారి చూపారు: ఉల్లి, వెల్లుల్లి తినేవారు బాగా ఉడికించి వాటి ఘాటును చంపి తినాలి. దీనిలోని మర్మం నేటి రసాయనశాస్త్రానికి తెలుసు. రెబ్బను నలిపినప్పుడు అందులోని ఒక ఎంజైము 'అల్లిసిన్' అనే ఘాటైన పదార్థాన్ని పుట్టిస్తుంది. దీనిని 1944లో కవల్లిటో, బెయిలీ అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి వర్ణించారు. రెబ్బను నలపకుండా ఉడికిస్తే ఆ ఎంజైము నశించి ఘాటు పుట్టదు. నూరిన ముద్దనైనా నూనెలో బాగా వేయిస్తే ఘాటు చాలవరకు తగ్గుతుంది. మన తల్లులు అల్లమెల్లిగడ్డను పచ్చివాసన పోయేదాకా వేయించడంలోని విశేషం ఇదే.

కనుక పొలం గట్టున పచ్చి ఎల్లిగడ్డ కారంతో రొట్టె తినే కూలి మనిషిని ఎవరూ చిన్నచూపు చూడరాదు. అతడు తినేది హలాల్ ఆహారమే. అతడు కూడా జుమా రోజున ఆ కారాన్ని నమాజు తరువాతకు ఉంచుకుంటే, పక్కన భుజం కలిపి నిలిచే సోదరుని మన్నించినవాడవుతాడు. ధర్మం అతని రొట్టెను లాగుకోలేదు, పక్కవానిని మరువనూ లేదు.